పాదాల్లోకి దిగిన రక్తం మళ్లీ పైకి ఎలా ఎక్కుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గుండె నెడితే రక్తం పాదాల దాకా దిగుతుంది, సరే, అక్కడి నుంచి నాలుగడుగుల ఎత్తు తిరిగి ఎక్కేది ఎలా, గుండె దాన్ని పైకి పీల్చుకుంటుందా? ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పాను. రక్తప్రసరణ పాఠం ఏటా ఉండేది. అయినా ఈ జవాబు నాకు ఒంటబట్టింది మాత్రం నా ఎడమ కాలు పాడయ్యాకే.

ముందు లెక్క చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె ఒకసారి ముడుచుకుంటే బయటికి వెళ్లేది సుమారు 70 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసుడు టీ అంత. నిమిషానికి 70 సార్లు అనుకుంటే అయిదు లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఇంచుమించు అంతే. రోజు మొత్తం మీద ఏడు వేల లీటర్లు. వేసవిలో మా వీధికి వచ్చే నీళ్ల ట్యాంకరు ఒకటిన్నర నిండుతుంది. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించిన వాదనకు ఇలాంటి లెక్కే పునాది. తిన్న తిండి నుంచి కాలేయం ఎప్పటికప్పుడు కొత్త రక్తం చేస్తుందని, అది శరీరంలో ఖర్చైపోతుందని అప్పటి నమ్మకం. అంత రక్తం తయారు కావాలంటే ఎన్ని బస్తాల తిండి తినాలి? కాబట్టి ఉన్నదే తిరుగుతోందన్నాడు. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే ధమనుల్లోంచి, తిరిగి గుండెకు తెచ్చే సిరల్లోకి అది ఎలా దాటుతుందో ఆయన చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మాల్పీఘీ ఆ రెంటినీ కలిపే సన్నని కేశనాళికలను కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో చూశాడు.

హార్వే చూపించిన ఒక ప్రయోగం మీరు ఇప్పుడే చేసుకోవచ్చు. చేయి కాసేపు కిందికి వేలాడదీస్తే అరచేతి వెనక సిరలు తేలతాయి. పొడుగ్గా కనిపించే ఒక సిరను వేళ్ల వైపు చివర ఒక వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మణికట్టు వైపు నిమిరి, ఆ రెండో వేలు తీసేయండి. సిర చదునైపోతుంది. పైనున్న రక్తం వెనక్కి వచ్చి, చెరకు కణుపులా ఉబ్బిన ఒక చోట ఆగిపోతుంది. ఆ కణుపు దగ్గర ఉన్నదే కవాటం, రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపు. నొక్కిన వేలు తీయగానే కింది నుంచి రక్తం సర్రున నిండుతుంది. నా చేతి మీద ఇది సరిగ్గా కనిపించలేదు. మా అమ్మ చేతి చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి ఆవిడ మీద చేశాను, అద్భుతంగా కుదిరింది. నాలుగోసారి పట్టుకోబోతే, “ఒరేయ్, నా చెయ్యి మీ బడిలో నల్లబల్ల అనుకున్నావా?” అని లాగేసుకుంది.

వ్యవసాయ బావి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ కవాటం గురించి ఇంకో మాట అక్కర్లేదు: ఫుట్‌వాల్వు. పైపు అడుగున అది సరిగా మూసుకోకపోతే మోటారు ఆపగానే నీళ్లన్నీ బావిలోకి జారిపోతాయి. మన కాళ్ల సిరల్లో అలాంటి ఫుట్‌వాల్వులు పాదం నుంచి తొడ దాకా మెట్లుమెట్లుగా ఉంటాయి.

ఇక పైకి నెట్టేది ఎవరు? ఇక్కడ చాలామంది (నేనూ అంతే) పొరబడతాం. కదలకుండా నిలబడ్డప్పుడు పాదం దగ్గరి సిరలో పీడనం 90 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) దాకా ఉంటుంది, పైనున్న రక్తపు బరువు వల్ల. కానీ ధమనిలోనూ అదే బరువు కిందికి తోస్తుంటుంది కాబట్టి త్రాసు పళ్లేల్లా రెండూ సరితూగుతాయి. గుండె నెట్టుడులో మిగిలిన కాస్త ఊపు చాలు, రక్తం ఎక్కగలదు. చిక్కంతా సిర గోడ మెత్తగా ఉండటంతో వస్తుంది. బరువు పడేకొద్దీ అది సాగుతుంది, రక్తం కాళ్లలోనే నిలవ ఉంటుంది. దాన్ని ఖాళీ చేసే పని పిక్కలది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను పిండుతుంది, కవాటాలు కిందికి జారనివ్వవు, రక్తం పైకే పోతుంది. నడుస్తుంటే ఆ 90 కాస్తా 30 దగ్గరికి పడిపోతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గడం కూడా కొంత లాగుతుంది. మీరన్న పీల్చుకోవడం ఏదైనా ఉందంటే ఎక్కువగా అదే.

ఆగస్టు 15న ఎండలో గంటసేపు వరసలో నిలబెడితే ఏటా ఒకరిద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయేవారు. పొద్దున టిఫిన్ చేసి రాలేదని అందరం తిట్టేవాళ్లం. అసలు సంగతి, పిక్కలు కదలక రక్తం కాళ్లలో నిలిచి, మెదడుకు చాలకపోవడం. ఎండ రక్తనాళాలను ఇంకా వదులు చేస్తుంది. పడిపోయిన పిల్లను కుర్చీలో కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఇది తెలిశాక, జెండా వందనం సాగుతుండగానే మడమలు ఎత్తి దించుతూ ఉండమని మా తరగతి పిల్లలకు చెప్పేవాడిని.

నా సంగతికి వస్తాను. రోజుకు ఆరు పీరియడ్లు, దాదాపు నిలబడే. నలభై ఎనిమిదో ఏట ఎడమ పిక్క మీద నీలంగా మెలికలు తేలాయి. ఊళ్లో అందరూ “నరాలు ఉబ్బాయి” అన్నారు. మన భాషలో ఇదో తంటా: చర్మం కింద నీలంగా కనిపించేదాన్నీ నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసేదాన్నీ నరమే అంటాం. దాంతో నేను ఏడాదిపాటు నరాల బలానికి మాత్రలు మింగాను. తర్వాత, రక్తం ఎటు పారుతుందో రంగుల్లో చూపే డాప్లర్ స్కాన్‌కు పంపారు. నిలబెట్టి, తొడ మీద పరికరం పెట్టి, డాక్టరు గారు పిక్కను చేత్తో ఒక్కసారి పిండారు. తెర మీద నీలం రంగు పైకి దూసుకెళ్లింది. చెయ్యి వదలగానే ఎరుపు రంగు కిందికి కారడం మొదలుపెట్టింది, స్పీకరులో గాలి వీచినట్టు శబ్దంతో. “చూశారా మాస్టారూ, వెనక్కి పోతోంది. తలుపులు మూసుకోవడం లేదు,” అన్నారు. పాతికేళ్లుగా చెప్పిన పాఠం నా తొడలోనే తిరగబడి కనిపించింది.

లేజరుతో ఆ సిరను మూసేస్తామన్నారు. మూసేస్తే రక్తం ఎలా వెళ్తుందని అడిగాను. కాలి రక్తంలో తొంభై శాతం దాకా కండరాల మధ్య ఉండే లోపలి సిరల గుండానే వెళ్తుందట, చర్మం కింది సిర పక్కదారి మాత్రమే. మూసేశారు, కాలు బరువుగా ఉండటం తగ్గింది. ఒక హెచ్చరిక: ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. తైలం రాసి రుద్దకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చివరగా మీకు నచ్చే సంగతి ఒకటి. నాకు మూసేసింది ఏ సిరనో, మా అన్నయ్యకు తన కాలి నుంచి అదే సిరను తీసి గుండెకు బైపాస్ చేశారు. కవాటాలు అడ్డు తగలకుండా దాన్ని తలకిందులుగా తిప్పి కుట్టారు. నాకు అలాంటి అవసరం వస్తే ఆ కాలిది పనికిరాదు కదా అన్నాను. “నా కుడికాలిది ఇంకా అలాగే ఉంది, అడుగు, ఆలోచిస్తాను,” అన్నాడు.