ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉంటే ఏ వాటర్ ఫిల్టర్ కొనాలి?

మీ అత్తగారికి డయాలసిస్ జరుగుతోందని, ఇంట్లో వాడేది బోరు నీళ్లేనని, ఇరవై వేల లోపు ఏ ఫిల్టర్ మంచిదో చెప్పమని అడిగారు. కంపెనీ పేరు మాత్రం నేను చెప్పను. మా ఇంట్లో జరిగింది చదివితే మీకే అర్థమవుతుంది.

మా అమ్మకి 2021 నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాన్నది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషి. మోకాళ్లు పూర్తిగా చాపలేరు, వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఇద్దరూ నా దగ్గరే, హైదరాబాద్‌లో ఉంటారు. నీళ్లంటే మా ఇంట్లో ఎంత భయం ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు.

ఒక ఆదివారం ఫ్రీగా వాటర్ టెస్ట్ చేస్తామని ఒకతను వచ్చాడు. రెండు గాజు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు పట్టాడు, ఇంకోదాంట్లో తను తెచ్చుకున్న ఆర్వో నీళ్లు (మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా తోసి లవణాలు తీసేసిన నీళ్లు) పోశాడు. కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండు గ్లాసుల మీదా పెట్టి ప్లగ్ పెట్టాడు. నిమిషం గడిచేసరికి మా నీళ్లు ముందు పచ్చగా, తర్వాత తుప్పు రంగుకి మారాయి. పైన మురికి తెట్టె కట్టింది. అతని నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. "అమ్మా, మీరు రోజూ తాగేది ఇదే. మీ కిడ్నీలు పోయింది దీనివల్లే" అన్నాడు మా అమ్మ మొహం మీదే.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఇన్నేళ్లూ నీకూ తమ్ముడికీ కూడా ఇవే పోశానా" అని ఏడవడం మొదలుపెట్టింది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. 32 వేల మెషిన్ అమ్ముకోవడానికి ఒక జబ్బు మనిషి చేత తన పిల్లలకి విషం పోశాననుకునేలా చేశాడు.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. అతని ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, ఇప్పుడు ప్లగ్ పెట్టమన్నాను. వద్దన్నాడు. నేనే పెట్టాను. ఆ నీళ్లూ అదే తుప్పు రంగుకి వచ్చాయి. జరిగేది ఇంతే: ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది. కరెంటు పారితే ఇనుము కరిగి నీళ్లలోకి వస్తుంది, రంగు దానిదే. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి పెద్దగా పారదు, రంగూ రాదు. మురికికీ దానికీ సంబంధం లేదు. మంచి మినరల్ వాటర్‌లో పెట్టినా ఇలాగే అవుతుంది. అతను సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం రెండు రోజులు మాత్రలు కూడా సరిగా మింగలేదు, నీళ్లు చూస్తేనే టెన్షన్.

అప్పుడు నాన్న ఒక మాట అన్నారు: "మా ఊరి నీళ్లు అద్దం లెక్క ఉంటుండె. ఆ నీళ్లే నా కాళ్లు తీసినయ్." ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఏ మెషిన్ అని అడిగే ముందు మీ బోరు నీళ్లలో ఏముందో తెలుసుకోండి. టీడీఎస్ మీటర్ ఒక్కటీ చాలదు, అది లవణాలన్నీ కలిపి ఎంతో చెప్తుందే తప్ప ఏ లవణమో చెప్పదు, క్రిములనైతే అసలు పట్టుకోదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ప్రభుత్వ ల్యాబ్ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో నీళ్ల పరీక్షలు చేస్తారు. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు ఉంటాయి. రిపోర్టులో ముఖ్యంగా మూడు చూడండి: ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే గరిష్ఠంగా 1.5. నైట్రేట్ 45 దాటకూడదు. ఈ.కోలై (నీళ్లలో మలం కలిసిందని చెప్పే క్రిమి) అసలు కనిపించకూడదు. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లోంచి ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు, కాబట్టి మీ అత్తగారి విషయంలో ఆ మొదటి అంకె ఇంకా ముఖ్యం.

మాకు వచ్చిన లెక్క ఇది. కుళాయికి వచ్చే కృష్ణా నీళ్లలో టీడీఎస్ 310, ఫ్లోరైడ్ 0.6. బోరులో టీడీఎస్ 1180, ఫ్లోరైడ్ 1.9. కృష్ణా నీళ్లకైతే మామూలు ఫిల్టర్, యూవీ (క్రిములని చంపే కాంతి) సరిపోయేవి. కానీ ఎండాకాలంలో బోరే దిక్కు. ఫ్లోరైడ్‌ని యూవీ తీయదు, యూఎఫ్ (క్రిములని ఆపే సన్నటి జల్లెడ లాంటిది) తీయదు, ఆర్వో తీస్తుంది. అందుకే ఆర్వోతో పాటు యూవీ ఉన్నది, పద్నాలుగు వేలలో తీసుకున్నాం.

అక్కడితో అయిపోలేదు. బిగించడానికి వచ్చినతను టేస్ట్ బాగుంటుందని టీడీఎస్ కంట్రోలర్ తిప్పి వెళ్లాడు. అదేం చేస్తుందో చాలామందికి తెలియదు. మెంబ్రేన్ గుండా వెళ్లని మామూలు బోరు నీళ్లని కొన్ని శుద్ధి చేసిన నీళ్లలో కలుపుతుంది. అంటే డబ్బులిచ్చి తీయించుకున్న ఫ్లోరైడ్‌ని మళ్లీ గ్లాసులో పోసుకున్నట్టే. అనుమానం వచ్చి ఫిల్టర్ నీళ్లు ల్యాబ్‌కి పంపితే ఫ్లోరైడ్ 1.1 వచ్చింది. కంట్రోలర్ కట్టేయించాక 0.2కి దిగింది. మీది ఫ్లోరైడ్ బోరైతే అది పూర్తిగా మూసేయించి, బయటికి వచ్చే నీళ్లని ఇంకోసారి పరీక్ష చేయించండి.

ఆల్కలైన్ కాట్రిడ్జ్, రాగి కాట్రిడ్జ్ అని అదనంగా అంటగట్టేవి ఏవీ డయాలసిస్ పేషెంట్‌కి వద్దు. వాళ్లకి పొటాషియం దగ్గర నుంచి ప్రతిదీ లెక్కే. డాక్టర్ కష్టపడి తగ్గిస్తున్నదాన్ని మనం డబ్బిచ్చి కలపడమేంటి? ట్యాంకుకి సాఫ్ట్‌నర్ పెట్టించి ఉంటే ఆ నీళ్లు నేరుగా తాగించకండి, కాఠిన్యం తీసి దాని బదులు సోడియం వదులుతుంది. బీపీ ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. క్యాన్ నీళ్లు నేను అస్సలు నమ్మను. ఆ క్యాన్లు లోపల ఎలా కడుగుతారో ఒక్కసారి ప్లాంటుకి వెళ్లి చూడండి చాలు.

చుట్టాలు ఇంకో రకం. మంచి నీళ్లు బాగా తాగిస్తే కిడ్నీలు కడిగినట్టవుతాయని అమ్మకి చెంబులతో తెచ్చిస్తారు. అమ్మకి డాక్టర్ రాసిచ్చింది రోజుకి లీటరు లోపే. పొద్దున్నే ఒక బాటిల్‌లో కొలిచి పెడతాను, మాత్రలకీ దాహానికీ అందులోవే. డయాలసిస్ మెషిన్ ఒక్క సిట్టింగ్‌కి దాదాపు 120 లీటర్ల నీళ్లు వాడుతుంది. ఆ నీళ్లని ఆసుపత్రిలో వేరేగా శుద్ధి చేస్తారు, మన ఇంటి ఆర్వో వాటికి సాటి రాదు. మనం కొనే ఫిల్టర్ కిడ్నీలని బాగుచేయదు. కొత్త ముప్పు రాకుండా చూస్తుంది, అంతే. అమ్మకీ అదే చెప్పాను. ఆమెకి జబ్బు వచ్చింది ఏళ్ల తరబడి ఉన్న షుగర్ వల్లనని డాక్టర్ మళ్లీ వివరంగా చెప్పాకే మనసు కుదుటపడింది.

మీ ఇరవై వేలూ మెషిన్ మీదే పెట్టకండి. పదమూడు, పద్నాలుగు వేలది కొని, మిగతాది ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్పించడానికి దాచండి. మార్చిన తేదీ మెషిన్ మీద పెన్నుతో రాయండి. సర్వీసుకి వచ్చినవాళ్లు పాత ఫిల్టర్ కడిగి మళ్లీ పెట్టి కొత్తదని బిల్లు వేయడం మాకు రెండుసార్లు జరిగింది. అందుకే ఇప్పుడు ప్యాకెట్ నా ముందే చించమంటాను.

ముందు ల్యాబ్‌కి వెళ్లండి. క్రిముల పరీక్షకి సీసా వాళ్లే ఇస్తారు, ఇంట్లో సీసా కడిగి తీసుకెళ్తే కుదరదు. రిపోర్టు వచ్చాక ఆ మూడు అంకెలూ ఇక్కడ రాయండి, మీకు ఆర్వో కావాలో యూవీ చాలో అప్పుడు చెప్తాను.