అక్కచెల్లెళ్ల అపరాధ పరిశోధన కథలను సంకలనం చేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వూ మీ చెల్లెలూ కలిసి, అక్కచెల్లెళ్లే పరిశోధకులుగా ఉండే కథలను ఒక సంకలనంగా తీసుకురావాలనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. పత్రికలో కథలు ఎంపిక చేసిన అనుభవంతో నాకు తోచినవి రాస్తున్నాను.

మన భాషలో డిటెక్టివ్ సాహిత్యానికి లోటు లేదు. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలల కోసం ఎదురుచూసిన తరం మాది. అయితే యుగంధర్ బయటి మనిషి. ఎవరో పిలిస్తే వస్తాడు, ఆ ఇంట్లో ఎవరూ తనకు ఏమీ కారు కనుక అందరినీ నిర్మొహమాటంగా ప్రశ్నిస్తాడు. అక్కచెల్లెళ్లకు ఆ వెసులుబాటు లేదు. వాళ్లు అనుమానించవలసింది సొంత అన్ననో, వదిననో, చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన బాబాయినో. పైగా ఒకే ఇంట్లో పెరిగినా ఇద్దరి జ్ఞాపకాలూ ఒకటిగా ఉండవు. నా ఉద్దేశంలో ఈ రకం కథకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది. అందుకే ప్రతి కథనూ ఒక ప్రశ్న వేసి చూడు: పరిశోధించేది అక్కచెల్లెళ్లు కాక ఇద్దరు స్నేహితురాళ్లయినా ఈ కథ ఇలాగే నడుస్తుందా? నడిచేటట్లయితే, అది ఎంత చక్కగా రాసిన కథ అయినా నీ సంకలనానికి పనికిరాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. నానమ్మ పెళ్లినాటిదని చెప్పి వదిన ఒక కాసులపేరు తెచ్చి ఇస్తుంది. అక్క దాన్ని కళ్లకద్దుకుంటుంది. చెల్లెలు కొక్కెం తిప్పి, భూతద్దంతో చూస్తుంది. అక్కడ హాల్‌మార్క్ పక్కన అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. ఆ గుర్తు వాడుకలోకి వచ్చింది 2021లో. అంటే ఈ నగ ఈ మధ్యనే ఏదో దుకాణం దాటి వచ్చిందన్నమాట. మరి అసలుది ఏమైంది? అమ్మ ఆసుపత్రి ఖర్చులకు దాన్ని కుదువ పెట్టిన సంగతి అక్కకు తెలుసు, కానీ విడిపించారనే ఇంతకాలమూ నమ్మింది. దాన్ని విడిపించలేకపోయిన రోజున నాన్న ముఖం ఎలా ఉందో చెల్లెలికి గుర్తుంది, కానీ కారణం తెలియదు. ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప నిజం బయటపడని ఇలాంటి కథలను ఎంచుకో.

నేరానికి కారణం కూడా మన ఇళ్లలో నిజంగా ఉండేదే కావాలి, అందులో ఆస్తి తగాదా మొదటిది. ఇక్కడ చాలామంది రచయితలు చట్టాన్ని తిరగేయకుండా రాసేస్తారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఆ హక్కు రాలేదు. అంటే ఒకే తండ్రి బిడ్డలైనా, ఆ వేసవిలో పెళ్లయిన అక్కకు ఒక న్యాయం, మరుసటి ఏడు పెళ్లయిన చెల్లెలికి మరో న్యాయం. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసివేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన పంపకాలను తిరగదోడనివ్వలేదు. అందులోనూ రిజిస్టరైన పారీఖత్తుకో (పంపకాల దస్తావేజుకో), కోర్టు డిక్రీకో మాత్రమే ఆ రక్షణ ఇచ్చింది. పాత తేదీ వేసిన కాగితం పుట్టించాలని ఒక అన్నకు ఎందుకు అనిపిస్తుందో, అది ఎక్కడ బెడిసికొడుతుందో ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. ఇంత బలమైన ముడి ఉండగా విషప్రయోగాలూ రహస్య సొరంగాలూ ఎందుకు?

కాగితం తేదీని పట్టుకునే సాధనం కూడా మన ఇంట్లోనే ఉంది. పాత ఉత్తరాల్లో, శుభలేఖల్లో తిథి, వారం, ఇంగ్లీషు తేదీ మూడూ రాసేవారు. దొంగ కాగితం సృష్టించేవాడు తేదీని సరిగ్గా వేసి, తిథి దానికి సరిపోతుందో లేదో చూడడం మరిచిపోతాడు. పాత పంచాంగం దాచుకున్న అక్క దాన్ని పట్టుకుంటుంది. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే మరీ చిక్కు. ప్రభవ అంటే 1927లో మొదలైనదీ కావచ్చు, 1987లో మొదలైనదీ కావచ్చు. ఇటువంటి ఆధారమేదైనా ముగింపుకు ముందే పాఠకుల కంటపడాలి. చివరి పేజీలో జేబులోంచి తీసి చూపించే ఆధారం ఉన్న కథను మొహమాటం లేకుండా తిప్పి పంపు.

ముగింపుల విషయంలో ఇంకా పట్టుదలగా ఉండు. దోషి తోడబుట్టినవాడని తేలిన తరువాత ఇన్‌స్పెక్టర్ వచ్చి తీసుకువెళ్లడంతో ఆ ఇంటి కథ అయిపోదు. అమ్మకు ఎవరు చెప్పారు, రాఖీకి ఎవరు వెళ్లారు, అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్క మాట మీదే ఉన్నారా అన్నది చూపించని రచయితను మరొక్కసారి రాయమని అడుగు. మంచి రచయితలు అలా అడిగితే నొచ్చుకోరు.

పాత కథలు చేర్చుకునేటట్లయితే, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు గడిచేవరకూ కాపీరైటు ఉంటుంది కనుక, వారసుల అనుమతిని సంతకంతో సహా రాతపూర్వకంగా తీసుకో. ఫోనులో సరేనన్నారని అచ్చుకు పంపవద్దు. హక్కుల బదలాయింపు పత్రంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. తరువాతి ముద్రణ గురించి, ఈబుక్ గురించి అందులోనే స్పష్టంగా రాయించు.

ఎంపికలో నీకూ మీ చెల్లెలికీ అభిప్రాయం కుదరని కథలను వెంటనే తీసివేయకండి. ఎందుకు కుదరలేదో ఇద్దరూ విడివిడిగా రాసి, ఆ కథలతో పాటు నాకు పంపండి. చదివి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య