చిత్రానికి పొరల వరుస: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్న నరసాపురం స్త్రీని నీటిరంగులు, సిరా, రంగు పెన్సిళ్లు, అసలు లేసు ముక్క కలిపి చిత్రించాలనుకుంటున్నావని, వీటిలో ఏది ముందో ఏది వెనుకో తెలియడం లేదని రాశావు. ఇటువంటి మిశ్రమ మాధ్యమ చిత్రంలో చెయ్యి ఎంత తిరిగినదైనా, వరుస తప్పితే పని చెడుతుంది.

ముందు అరచేతి పరిమాణంలో నాలుగైదు చిత్తుబొమ్మలు గీసుకో. వాటిలో కనుముక్కుల తీరు, చీర మడతలు అవసరం లేదు. ఎండ పడిన అరుగు, గుమ్మం వెనుక చీకటి, వాటి మధ్య మనిషి ఆకారం ఎలా నిలుస్తాయో మూడు ఛాయల్లో తేల్చుకుంటే చాలు. తెల్లని లేసు వెనుక ముదురు రంగు ఉండి తీరాలి, ఆ చోటును ఈ దశలోనే నిర్ణయించాలి. 1933లో నరసాపురంలోనే పుట్టిన బాపు గీతలోని ఒంపును అందరూ మెచ్చుకుంటారు గాని, ఆయన ఎక్కడ గీయకుండా వదిలారో కూడా నీవు శ్రద్ధగా చూడాలని నా కోరిక.

కాగితం 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న నూలుది తీసుకో. దాని మీదనే గీసి చెరిపితే పైపొర రేగి రంగు మచ్చలుగా పీలుస్తుంది కనుక, తుదిగీతను వేరే కాగితం మీద సిద్ధం చేసి, కిటికీ అద్దానికి ఆనించి పల్చగా ఎత్తుకో. ఆ గీత మీద వేసే సిరా వాటర్‌ప్రూఫ్ అయి ఉండాలి, లేకుంటే పైన పడే నీటిరంగుల తడికి కరుగుతుంది. చిత్తుకాగితం మీద గీసి, ఆరాక తడి కుంచెతో రుద్ది చూస్తే తెలిసిపోతుంది.

ఆ తరువాత పారదర్శకమైన నీటిరంగులు, లేత నుంచి ముదురుకు. గువాష్ (కింది పొరను కప్పేసే చిక్కని నీటిరంగు) మెరుపులు వాటి మీదే వేయాలి, ఎందుకంటే గువాష్ ఆరినా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. మన డెల్టాలో, ముఖ్యంగా వానాకాలంలో, పొర ఆరినట్టు కనిపించినా లోపల తేమ మిగిలే ఉంటుంది. చేతి వెనుకభాగాన్ని మెల్లగా ఆనించినప్పుడు చల్లగా తగిలితే ఇంకా ఆగాలి. ఈ ఓపిక లేక పాడైన మంచి బొమ్మలను ఎన్నో చూశాను.

లేసును తడిపని పూర్తయ్యాకే, రంగు పెన్సిళ్ల కంటే ముందే అతికించు. అంటించాక బరువు పెట్టాలి కదా, అప్పటికే పెన్సిల్ వేసి ఉంటే అలుక్కుపోతుంది. మైదా జిగురు వద్దు. ఈ తేమకు బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. అక్రిలిక్ మ్యాట్ మీడియం (ఆరాక మెరవని, జిగురుగా పనిచేసే ద్రవం) పల్చగా రాసి, పైన బటర్ పేపర్ పరిచి బరువు పెట్టు. ఆ మీడియం సోకిన చోట నీటిరంగు సరిగా పట్టదు కనుక, లేసు నీడను ఆఖరున రంగు పెన్సిల్‌తో దిద్దు. పెన్సిల్‌లోని మైనం నీటిని నిలవనీయదు, అందుకే దానికి చివరి స్థానం. కాలువ నీటి మీది తళుకు కావాలంటే మాత్రం అదే మైనాన్ని రంగు కంటే ముందే కావాలని రుద్దవచ్చు.

అచ్చుకు పంపేటప్పుడు స్కానర్‌లో లేసు ఎత్తు అణగిపోతుంది; పక్క నుంచి పడే పగటి వెలుతురులో ఫొటో తీయించు. ఫ్రేము కట్టించేటప్పుడు లేసు అద్దానికి తగలకుండా మౌంటును, అంటే బొమ్మ చుట్టూ అద్దం కింద ఉండే అట్టను, రెండు పొరలుగా వేయించు.

మీ మామయ్య