బాలానగర్ షెడ్డులో పెరోవ్‌స్కైట్ ఎల్ఈడీలు తయారు చేయొచ్చా?

పెరోవ్‌స్కైట్ అనే ఒక రకం స్ఫటిక పదార్థం ద్రావణం పూసి ఆరబెడితే ఎల్ఈడీ వచ్చేస్తుందట, బాలానగర్‌లో ఉన్న మా చిన్న షెడ్డు సరిపోతుందా అని అడిగారు. పూయడానికి సరిపోతుంది. వెలిగించడానికి సరిపోదు.

హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో కొన్నాళ్లు ఇదే పని చేశాను. సీసియం బ్రోమైడ్, లెడ్ (సీసం) బ్రోమైడ్ డీఎంఎస్ఓ అనే ద్రవంలో కరిగించి, గాజు పలక మీద వేసి గిర్రున తిప్పడం. తిరుగుతుండగానే పైన క్లోరోబెంజీన్ అనే మరో ద్రవం వదలాలి. ఆ క్షణం తప్పితే పొర మసకబారుతుంది. తర్వాత 100 డిగ్రీల లోపు వేడి చాలు. మామూలు నీలి ఎల్ఈడీలో గాలియం నైట్రైడ్ పొరలకు దాదాపు 1000 డిగ్రీలు కావాలి. చవక అన్న మాట ఇక్కడే పుట్టింది, అంతవరకు నిజమే.

ఒక జూలైలో ముసురు పట్టింది. గాలి, తేమ తగలకుండా లోపల పని చేసుకునే మూసిన పెట్టె, గ్లవ్‌బాక్స్‌కు నైట్రోజన్ సిలిండర్ లేదు. మూడు కొటేషన్లు వస్తే గానీ సంతకం పెట్టరట! సరిగ్గా ఆరోజే పెద్దమనుషులు ల్యాబ్ చూడ్డానికి వచ్చారు. మా సీనియర్ అక్క లైట్లు ఆర్పించి, పలక మీద యూవీ టార్చ్ వేసింది, దొంగనోట్లు పట్టుకునే టార్చే. పలకంతా ఆకుపచ్చగా మెరిసింది. చప్పట్లు. "మార్కెట్‌లోకి ఎప్పుడమ్మా?" అన్నారొకాయన. వాళ్లు చాయ్‌కి వెళ్లాక అదే బ్యాచ్ పలకకు వైర్లు కలిపాం. ఒక మూల ఆకుపచ్చ చుక్క కనబడీ కనబడకముందే నల్లమచ్చ పడింది, మీటర్‌లో కరెంటు అమాంతం ఎగిరింది. పొరలో సన్న బెజ్జాలుంటే కరెంటు వాటిగుండానే షార్టవుతుంది. "యూవీకి మెరుసుడు గొప్పగాదు, కరెంటుకు వెలగాలె" అంది అక్క.

2014లో కేంబ్రిడ్జి బృందం ఈ ఎల్ఈడీలను గది ఉష్ణోగ్రతలో వెలిగించినప్పుడు 100 ఎలక్ట్రాన్లకు ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) కూడా బయటికి రాలేదు. 2018కల్లా 20 దాటింది. అందరూ ఈ అంకెలే చెబుతారు. ఎన్ని గంటలు వెలిగిందని అడిగి చూడండి, మాట మారుస్తారు. లోపలి అయాన్లు, అంటే ఛార్జ్ ఉన్న అణువులు, కరెంటు పెట్టగానే కదిలి పొరను పాడు చేస్తాయి. నీలి రంగు కోసం క్లోరిన్, బ్రోమిన్ కలిపితే వెలుగుతుండగానే అవి విడిపోయి రంగు ఆకుపచ్చ వైపు జారుతుంది.

ఇక ద్రావణం చవక సరే, మిగతావి? మేం చేసిన పద్ధతిలో పై పొరలు, అల్యూమినియం వాక్యూమ్‌లోనే వేయాలి. ఆ పంపు, గ్లవ్‌బాక్స్ ధర వింటే మీ షెడ్డు అద్దె చిల్లర అనిపిస్తుంది. పైగా తిప్పినప్పుడు ద్రావణంలో ఎక్కువ భాగం అంచుల నుంచి ఎగిరిపోతుంది, అందులో ఉన్నది సీసం. మోరీలో పోసే సరుకు కాదు.

ఆ షెడ్డులో ఏదో ఒకటి చేయాల్సిందే అంటే, నీలి ఎల్ఈడీ ముందు పెట్టే రంగు మార్చే ఫిల్మ్‌ల వైపు చూడండి. ప్లాస్టిక్‌లో పెరోవ్‌స్కైట్ కణాలు కలిపి చేస్తారు, వాటికి కరెంటు ఎక్కించే పనే లేదు. సీసం ఉంటుంది కాబట్టి మిషన్లు కొనే ముందే పొల్యూషన్ బోర్డు సంగతి కనుక్కోండి.