విదేశంలో ఏడాది ఉద్యోగం: నెలవారీ ఫ్లాటా, ఏడాది అగ్రిమెంటా?

ప్రశ్న: నమస్తే అండి. మా కంపెనీ నన్ను ఏడాది ప్రాజెక్టు మీద విదేశానికి పంపుతోంది, పొడిగిస్తాం అంటున్నారు కానీ కాగితం మీద మాత్రం ఏడాదే. మొదటి రెండు వారాలు హోటల్ వాళ్ళే ఇస్తారు, తర్వాత నా తిప్పలు నేను పడాలి. మూడు నెలలకి నా భార్య, పాప వస్తారు. ఒక ఏజెంట్ ఆన్‌లైన్లో ఫ్లాట్ చూపించి ఏడాది అగ్రిమెంట్, రెండు నెలల డిపాజిట్ ఇప్పుడే పంపితే ఆపి ఉంచుతా అంటున్నాడు. నెలవారీ ఫర్నిష్డ్ ఫ్లాట్ అయితే అద్దె దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతోంది. మూడేసి నెలలు రెన్యూ చేసుకుంటూ పో, ఏ గొడవా ఉండదు అని ఫ్రెండ్ అంటున్నాడు. మధ్యలో ఉద్యోగం పోతే మిగతా అద్దె అంతా కట్టాలా? కట్టకుండా వచ్చేస్తే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారా?

జవాబు: అన్నీ రాశారు గానీ ఏ దేశమో రాయలేదండీ! అద్దె చట్టం దేశానికొకటి, ఒక్కోచోట రాష్ట్రానికొకటి, ఇంకొన్నిచోట్ల ఊరికొకటి కూడా. అందుకని అన్నిచోట్లా పనికొచ్చేది చెప్తూ మధ్యమధ్యలో కొన్ని దేశాల రూల్స్ చెప్తాను, మీరు వెళ్ళేచోటు వాటిలో ఉంటే సరే, లేకపోతే అక్కడ ఇలాంటి రూల్ ఏముందో ఏం అడగాలో అయినా తెలుస్తుంది.

ముందు ఏజెంట్ సంగతి. డబ్బు పంపకండి. ఫ్లాట్ మీరు చూడలేదు, మీ తరఫున ఎవరూ చూడలేదు, అగ్రిమెంట్ డ్రాఫ్ట్ కూడా ఇంకా రాలేదు, మరి డిపాజిట్ దేనికి? బయటిదేశం నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఇలా లాగేసే మోసం ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉంది, వేరేవాళ్ళ ఇంటి ఫోటోలు పెట్టి, ఓనర్ ఊళ్ళో లేడు తాళం కొరియర్లో పంపుతా అంటారు. ఏజెంట్ నిజమైనవాడే కావచ్చు, అయినా సరే వెళ్ళి తలుపు తీసి చూసి, అగ్రిమెంట్లో ఉన్న పేరూ ఓనర్ పేరూ ఒకటేనా అని చూసుకున్నాకే డబ్బు. ఇంగ్లండ్ లాంటి చోట ల్యాండ్ రిజిస్ట్రీలో ఓనర్ ఎవరో ఎవరైనా ఆన్‌లైన్లో తీసి చూసుకోవచ్చు. ఆ రెండు వారాల హోటల్ మీకు దొరికింది దీనికోసమే అనుకోండి.

ఇక అసలు ప్రశ్న. అందరూ దీన్ని అద్దె ఎక్కువా తక్కువా అనే లెక్కలో చూస్తారు, లాయర్‌గా నేను చూసేది ఆ ఇంట్లో చట్టం మిమ్మల్ని అతిథి అంటుందా, అద్దెదారు అంటుందా అని. హోటల్, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్, యాప్‌లో బుక్ చేసిన ఫ్లాట్ ఇవన్నీ మామూలుగా అతిథి లెక్క, అంటే మీకున్నది ఉండటానికి అనుమతి మాత్రమే. గడువు అయిపోతే, ఒక్కోసారి అవకముందే, సామాను సర్దుకోమంటే సర్దుకోవాల్సిందే. అద్దెదారు అయితే మాత్రం నోటీసు ఇవ్వకుండా, చాలా దేశాల్లో కోర్టు ఆర్డర్ లేకుండా, మిమ్మల్ని బయటికి పంపడం కుదరదు, తాళం మార్చడం కూడా నేరమే అవుతుంది. మీరు నెలవారీ ఫ్లాట్‌కి కట్టే ఆ ఎక్కువ అద్దె ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోయే స్వేచ్ఛకి ధర, అదే స్వేచ్ఛ ఓనర్‌కీ ఉంటుందని జనం మర్చిపోతారు.

అయితే కాగితం మీద ఏ పేరు రాస్తే అదే అయిపోదు. ఇంగ్లండ్‌లో 1985లో స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫర్డ్ అని ఒక కేసు వచ్చింది, అగ్రిమెంట్‌కి లైసెన్స్, అంటే అనుమతి మాత్రమే, అని పేరు పెట్టారు, కానీ అందులో ఉంటున్న మిసెస్ మౌంట్‌ఫర్డ్ చేతిలోనే గది మొత్తం ఉంది, వారం వారం అద్దె కడుతోంది, కాబట్టి ఆవిడ అద్దెదారే అని అప్పట్లో అక్కడి పైకోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. నేల తవ్వడానికి ఐదు పళ్ళ పనిముట్టు తయారుచేసి నేను చేసింది పార అని ఎంత వాదించినా అది పార అవ్వదు అన్నారు జడ్జిగారు. లా చదివిన ప్రతివాడికీ గుర్తుండే మాట అది. న్యూయార్క్‌లో అయితే 30 రోజులు వరసగా ఉన్నవాళ్ళని కోర్టుకి వెళ్ళకుండా ఖాళీ చేయించలేరు, అందుకే అక్కడ కొందరు 28 రోజులకి ఒకసారి బయటికి పంపి మళ్ళీ రమ్మనే వేషాలు వేస్తారు, అలాంటిచోట దిగొద్దు.

మీ ఫ్రెండ్ చెప్పిన మూడేసి నెలల ఐడియా వినడానికి బావుంటుంది, కానీ ప్రతిసారీ అద్దె పెంచొచ్చు, నాలుగోసారి ఇవ్వను అనొచ్చు, అప్పటికి మీ పాప అక్కడ స్కూల్లో ఉంటుంది. పైగా కొన్నిచోట్ల పొట్టి అద్దెకి, అంటే కొద్ది రోజులకి ఇల్లు ఇవ్వడానికి, చట్టమే హద్దులు పెట్టింది. సింగపూర్లో ప్రైవేట్ ఇల్లు కనీసం మూడు నెలలకి, ప్రభుత్వ సంస్థ కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్ అయితే కనీసం ఆరు నెలలకి ఇవ్వాలి. న్యూయార్క్ సిటీలో 2023 సెప్టెంబర్ నుంచి 30 రోజుల్లోపు బసకి ఆ ఇంటివాళ్ళు రిజిస్టర్ అయి ఉండాలి, మీరున్నన్నాళ్ళూ వాళ్ళూ అదే ఇంట్లో ఉండాలి, ఇద్దరికి మించి అతిథులు ఉండకూడదు. జపాన్‌లో మామూలు ఇల్లుని బసకి ఇచ్చేవాళ్ళు ఏడాదికి 180 రోజులు దాటకూడదు. జరిమానా పడేది ఎక్కువగా ఓనర్‌కే, కానీ బుకింగ్ కేన్సిల్ అయ్యి అర్ధరాత్రి సూట్‌కేసులతో రోడ్డు మీద ఉండేది మీరు.

ఇంకొకటుంది, డబ్బు కన్నా ఇదే పెద్దది, అడ్రస్. చాలా దేశాల్లో విదేశీయుడి మిగతా పనులన్నీ అడ్రస్ కాగితం మీదే నడుస్తాయి. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లో రిజిస్టర్ చేయించుకోవాలి, దానికి ఇంటివాళ్ళు సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి, ఆ రిజిస్ట్రేషన్ అయితేనే ట్యాక్స్ నంబర్ ఇంటికి పోస్టులో వస్తుంది. యాప్ ఫ్లాట్లు ఇచ్చేవాళ్ళు చాలామంది ఆ కాగితం ఇవ్వరు. దుబాయ్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఎజారీ అనే ప్రభుత్వ అద్దె రిజిస్టర్‌లో నమోదైన కాంట్రాక్ట్ అడుగుతారు. మీ భార్య, పాప మూడు నెలలకి రావాలంటే వాళ్ళ వీసా అప్లికేషన్ అంతకన్నా ముందే పెట్టాలి, అంటే ఆ కాగితం మీకు మొదటి నెలలోనే కావాలి. అందుకని పొట్టి బస తీసుకునేటప్పుడు అద్దె కన్నా ముందు ఈ ఒక్కటి రాతపూర్వకంగా అడగండి, ఈ అడ్రస్ మీద నన్ను రిజిస్టర్ చేసుకోనిస్తారా అని.

సరే, మరి ఏం చెయ్యాలి? నేనైతే హోటల్ తర్వాత అడ్రస్ కాగితం ఇచ్చే నెలవారీ ఫ్లాట్ నాలుగు నుంచి ఆరు వారాలు తీసుకుంటాను, ఆ టైంలో ఇళ్ళు స్వయంగా చూసి, కుటుంబం వచ్చేలోపు పెద్ద అగ్రిమెంట్ చేసుకుంటాను. ఒకటిన్నర రెట్ల అద్దె ఒక నెలన్నర భరించొచ్చు, ఏడాది భరించడం అనవసరం. కొన్ని దేశాల్లో ఈ రెండిటికీ మధ్యరకం కూడా ఉంది, ఫ్రాన్స్‌లో 2018 చట్టంతో వచ్చిన బై మొబిలితే అనే ఫర్నిష్డ్ కాంట్రాక్ట్ ఒక నెల నుంచి పది నెలల దాకా ఉంటుంది, ట్రైనింగ్ మీదో తాత్కాలిక ఉద్యోగం మీదో వచ్చేవాళ్ళకి ఇస్తారు, దీనికి డిపాజిట్ అడగకూడదు. అదే స్పెయిన్‌లో 11 నెలల సీజనల్ కాంట్రాక్ట్ చేతిలో పెడితే ఆగి చదవండి, అక్కడ నివాసానికి తీసుకునే ఇంట్లో ఓనర్ మనిషైతే ఐదేళ్ళు, కంపెనీ అయితే ఏడేళ్ళ వరకు ఉండే హక్కు వస్తుంది, దాన్ని తప్పించడానికి కొందరు వేసే ఎత్తు ఇది.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ఉద్యోగం పోయినా, వీసా అయిపోయినా, అద్దె అగ్రిమెంట్ దానంతట అది అయిపోదు. ఇది చాలామందికి తెలియదు, వీసా క్యాన్సిల్ అయ్యింది కదా అని తాళం పడేసి వచ్చేస్తారు. ముందే వెళ్ళిపోయే దారి అగ్రిమెంట్లోనే రాయించుకోవాలి. సింగపూర్లో దీన్ని డిప్లొమాటిక్ క్లాజ్ అంటారు, పేరు చూసి భయపడకండి, రాయబారులకే కాదు. మామూలుగా రెండేళ్ళ అగ్రిమెంట్లో ఏడాది అయ్యాక ఉద్యోగం పోయినా ట్రాన్స్‌ఫర్ అయినా రెండు నెలల నోటీసుతో వెళ్ళొచ్చు అని ఉంటుంది. మీది ఏడాదే కాబట్టి ఆరో నెల నుంచి, లేదా ఉద్యోగం పోయిన కాగితం చూపిస్తే ఎప్పుడైనా, అని బేరమాడండి, కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఒక ఉత్తరం ఉంటే ఓనర్లు ఒప్పుకుంటారు. స్పెయిన్ నివాస కాంట్రాక్ట్‌లో ఆరు నెలల తర్వాత 30 రోజుల నోటీసుతో వెళ్ళే హక్కు చట్టమే ఇచ్చింది. జర్మనీలో గడువు లేని కాంట్రాక్ట్ అయితే మూడు నెలల నోటీసు చాలు, అదే గడువు రాసిన కాంట్రాక్ట్ అయితే వెళ్ళే షరతు లేకపోతే మధ్యలో మామూలు నోటీసుతో వదలడం కుదరదు, అంటే పొట్టిదే సేఫ్ అనుకుని గడువు పెట్టించుకున్నవాడు ఇరుక్కుంటాడు. ఏ షరతూ లేకపోతే మిగతా అద్దె బాకీయే, కాకపోతే న్యూయార్క్, కెనడాలోని ఒంటారియో లాంటి చోట్ల ఓనర్ కొత్తవాళ్ళని వెతికే ప్రయత్నం చెయ్యాలి, ఫ్లాట్ ఖాళీగా పెట్టుకుని మీ దగ్గర మొత్తం వసూలు చేస్తా అంటే కుదరదు.

ఎయిర్‌పోర్ట్ విషయం. అద్దె బాకీ ఎక్కువ దేశాల్లో సివిల్ వ్యవహారం, దానికి విమానం ఎక్కనివ్వకుండా ఆపరు. కానీ గల్ఫ్‌లో అలా అనుకుని ధైర్యం చెయ్యకండి, బాకీ కేసుల్లో అక్కడ ట్రావెల్ బ్యాన్ పెట్టించే వీలుంది, పైగా ఏడాది అద్దెకి ముందే తేదీలు వేసిన చెక్కులు తీసుకుంటారు, యూఏఈలో 2022 నుంచి చెల్లని చెక్కు పట్టుకుని నేరుగా కోర్టు ద్వారా వసూలుకి (ఎగ్జిక్యూషన్) వెళ్ళొచ్చు. ఎక్కడైనా సరే చెప్పకుండా పారిపోవడం కన్నా ఒకటి రెండు నెలల అద్దె ఇస్తా, డిపాజిట్ ఉంచుకో, రాసి సంతకం పెట్టు అని సెటిల్ చేసుకోవడం చవక.

రెండు నెలల డిపాజిట్ ఎక్కువా అంటే దేశాన్ని బట్టి. జర్మనీలో బిల్లులు కలపని అద్దెకి మూడు నెలలదాకా అడగొచ్చు, మీరు మూడు వాయిదాల్లో కట్టొచ్చు. న్యూయార్క్‌లో ఒక నెలే. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే ఐదు వారాల అద్దె, అది కూడా 30 రోజుల్లో డిపాజిట్‌ని కాపాడే గుర్తింపు ఉన్న స్కీమ్‌లో పెట్టాలి, పెట్టకపోతే మీరు డిపాజిట్‌కి మూడు రెట్ల దాకా పరిహారం అడగొచ్చు. ఒంటారియోలో ఇల్లు పాడవుతుందని డిపాజిట్ తీసుకోనేకూడదు, ఆఖరి నెల అద్దె మాత్రం ముందు తీసుకోవచ్చు.

మీ భార్య పేరు కూడా అగ్రిమెంట్లో రాయించండి, కనీసం ఉండేవాళ్ళ జాబితాలో. ఇద్దరూ అద్దెదారులుగా సంతకం పెడితే మొత్తం అద్దెకి ఇద్దరూ పూచీ, అది తెలిసి పెట్టండి.

దిగిన రోజు ప్రతి గోడ, సింకు, మీటర్ రీడింగ్ ఫోటో తీసి ఆ రోజే ఓనర్‌కి మెయిల్ చెయ్యండి, వదిలే రోజు కూడా అంతే, తాళాలు తీసుకున్నట్టు సంతకం తీసుకోండి. ఇంకోటి, నా దగ్గరికి వచ్చిన ఒకాయన తిరిగొచ్చేముందు అక్కడి బ్యాంకు అకౌంట్ మూసేశాడు, ఓనర్ డిపాజిట్ పంపితే అది వెనక్కి పోయింది, ఆ తర్వాత ఆ ఓనర్ మెయిల్స్‌కి జవాబివ్వడం మానేశాడు. డిపాజిట్ చేతికి వచ్చేదాకా అకౌంట్ మూయకండి.