ఆ ఒక్క మాట కోసం పండక్కి వెళ్ళడం మానేస్తారా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. హ్యూస్టన్‌లో ఉద్యోగం. ఏడాదిన్నర క్రితం మెక్సికో అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. మావాళ్ళు మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు బాగానే ఉంటున్నారు. ఈసారి క్రిస్మస్‌కి గ్వాదలహారాలో ఉన్న వాళ్ళింటికి డిసెంబర్ 16న వెళ్ళి జనవరి 6 దాకా ఉందామంటున్నాడు. నేను మాంసం, చేప, గుడ్డు ఏవీ తినను. స్పానిష్ రాదు. పైగా మొన్న వీడియో కాల్‌లో వాళ్ళ అమ్మమ్మ నన్ను చూసి 'మొరెనీతా' అంది. నల్లపిల్ల అని అర్థమని తర్వాత తెలిసింది. చిన్నప్పటి నుంచి ఆ మాట పడీపడీ ఉన్నాను. ఆయన్ని అడిగితే 'ముద్దుగా అన్నదిలే' అని నవ్వేశాడు. లీవ్ దొరకలేదని చెప్పి మానేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

జవాబు: మీ ఉత్తరంలో తిండి గురించీ భాష గురించీ ఒక్కో ముక్కే రాశారు, ఆ మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయారు. మిమ్మల్ని వెనక్కి లాగుతున్నది అదేనని నాకనిపిస్తోంది, కాబట్టి ముందు దాని సంగతే మాట్లాడుకుందాం.

మొరెనా అంటే అక్కడ మన చామనఛాయ లాంటి మాట, దానికి చివర్లో ముద్దు తగిలిస్తే మొరెనీతా. మెక్సికోలో ఇంట్లోవాళ్ళని లావుగా ఉంటే 'గోర్దీతా' అనీ, సన్నగా ఉంటే 'ఫ్లాకా' అనీ పిలవడం మామూలే, మనిళ్ళల్లో బుజ్జి, చిట్టి అన్నట్టు. ఇంకో సంగతి, అక్కడి కాథలిక్కులు ప్రాణంగా కొలిచే గ్వాదలూపే మాతని (మేరీమాత రూపమే), డిసెంబర్ 12న పెద్ద పండగ చేసే ఆ తల్లిని, జనం ఆప్యాయంగా 'లా మొరెనీతా' అనే పిలుచుకుంటారు. ఆ అమ్మమ్మ దేవుడి గూట్లో ఆవిడ బొమ్మ తప్పకుండా ఉంటుందని నేననుకుంటున్నాను. అలాగని అక్కడ తెల్లతోలు మీద మోజు లేదని చెప్పను, అదీ మనకున్నట్టే ఉంది. కానీ వీడియో కాల్‌లో మనవడి భార్యని తొలిసారి చూసిన ముసలావిడ నోటి వెంట అది వచ్చిందంటే, దగ్గరకి తీసుకోవడానికి అన్నదనే ఎక్కువ నమ్మకం నాకు.

అయితే ఇది తెలిసినంత మాత్రాన మీకు నొప్పి తగ్గిపోదు, తగ్గాలని కూడా నేననను. పెళ్ళిచూపుల కబుర్లలో, చుట్టాలిళ్ళల్లో, ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనల్లో ఆ రంగు మాట వినివినీ పెరిగిన అమ్మాయికి, మంచి మనసుతో అన్నా గుచ్చుకుంటుంది. మీ ఆయన తప్పు చేసింది ఇక్కడే. ఆయన మాటకి అర్థం చెప్పాడు గానీ, మీకెందుకు నొప్పి కలిగిందో అడగలేదు. ఆయనకి తెలిసుండదు కూడా, మీరు చెప్పారా? మీ చిన్నప్పుడు ఎవరు ఏమన్నారో, ఏ ఫంక్షన్‌కి ఏ రంగు చీర వద్దన్నారో ఒక్కసారి వివరంగా చెప్పి, అప్పుడు అడగండి. టికెట్లు కొనకముందే ఈ మాట జరగాలి. ఆయన వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేసి, 'తనకి ఆ పిలుపు వద్దు, పేరు పెట్టి పిలువు' అని నెమ్మదిగా చెప్పగలడు. ఆ పని మీరు చేస్తే కోడలు తప్పుబట్టినట్టుంటుంది, మనవడు చెప్తే ఇంటి మాటగా పోతుంది.

లీవ్ అబద్ధం మాత్రం ఆడకండి. ఈ ఏడాదికి సరిపోతుంది, వచ్చే ఏడాది మళ్ళీ ఇంకోటి వెతుక్కోవాలి, ఈలోగా అసలు కారణం మీ ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోతుంది. మూడు వారాలు ఎక్కువనిపిస్తే ఆ మాటే చెప్పండి. పోసాదాలనే క్రిస్మస్ ముందు వేడుకల్ని 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు చేస్తారు, మేరీ, యోసేపు ఆ రాత్రికి చోటు వెతుక్కున్నట్టు కొందరు గుమ్మం బయట నిలబడి పాడితే లోపలివాళ్ళు పాటతోనే జవాబిచ్చి తలుపు తీస్తారు, చూడముచ్చటగా ఉంటుంది, కానీ తొమ్మిదీ చూడనక్కర్లేదు. 22న వెళ్ళి, 31 అర్ధరాత్రి గంట మోగే ఒక్కో దెబ్బకీ ఒకటి చొప్పున పన్నెండు ద్రాక్షపళ్ళు తినేదాకా ఉండి, 2న వచ్చేయండి. తొలిసారికి అది చాలు.

తిండి సంగతి నిజంగా చూసుకోవాల్సిందే. 'వెజిటేరియన్' అంటే చాలామందికి గొడ్డుమాంసం తినరనే తడుతుంది, చికెన్ పెట్టేస్తారు. అన్నం కోడి ఉడికించిన నీళ్ళలో వండుతారు, బీన్స్ పందికొవ్వులో వేయిస్తారు, వేళ్ళతో ఏరి పక్కన పెట్టేసే పని కాదు. ఇది భోజనాల దగ్గర కూర్చున్నాక చెప్పే విషయం కాదు, కనీసం వారం ముందే మీ ఆయన వాళ్ళమ్మకి ఫోన్‌లో చెప్పాలి. నోపాల్ అనే నాగజెముడు ఆకు కూర, చీజ్‌తో కాల్చిన మొక్కజొన్న రొట్టెలు, ఉడికించిన బీన్స్, క్రిస్మస్ రాత్రి చేసే బీట్‌రూట్, నారింజ, వేరుశనగల సలాడ్, మీరు పస్తుండే పరిస్థితైతే రాదు.

24న పగలంతా వంటింట్లో తమాలే (మొక్కజొన్న పిండిని పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం) చుడుతుంటారు, మీరు హాల్లో సోఫాలో కూర్చోకుండా అక్కడికి వెళ్ళండి. ఎండు మొక్కజొన్న పొత్తుల పైరేకులు వేడినీళ్ళలో నానేసి ఉంటాయి. ఒకటి తీసి, నున్నటి వైపు పైకి పెట్టుకుని, గరిటె వెనకవైపుతో పిండి పల్చగా రాసి, మధ్యలో పచ్చిమిర్చి చీలికలూ చీజూ పెట్టి, రెండంచులూ దగ్గరకి మడిచి, తోక కిందకి తిప్పి పక్కన పెట్టాలి. పిండి సరిగా గిలకొట్టారో లేదో చూడ్డానికి చిన్న ముద్ద గ్లాసు నీళ్ళలో వేస్తారు, తేలితే సరిపోయినట్టే. ఆ పిండిలో మామూలుగా పందికొవ్వే వేస్తారు, మీ వాయి నూనెతో కలపమని ముందే చెప్పించండి. మొదటి రెండు మూడు మీ చేతిలో చిరిగిపోతాయి, ఎవరో అత్తో మేనకోడలో మీ వేళ్ళు పట్టుకుని నేర్పిస్తారు, ఆ పనికి స్పానిష్ అక్కర్లేదు.

గదిలోకి వెళ్ళగానే అందరికీ ఒకేసారి చెయ్యూపితే పొగరనుకుంటారు, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెంపకి చెంప ఆనించి పలకరించాలి, బయల్దేరేటప్పుడూ అంతే. మగవాళ్ళతో ఇబ్బందిగా ఉంటే చెయ్యి ముందుగా మీరే చాచండి. పెద్దవాళ్ళని 'ఉస్తేద్' అనాలి, మన మీరులాగే. తిన్నాక గంటసేపు అక్కడే కూర్చుని కబుర్లాడతారు, మధ్యలో లేచిపోకండి.

భారత పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి విడిగా వీసా తీసుకోనక్కర్లేదు, కానీ మీ పాస్‌పోర్ట్‌లో ఆ వీసా ముద్ర గడువు అయిపోయి ఉంటే కథ వేరు, ముందు ఆ తేదీ చూసుకోండి.

ఒక పూట మీరు వండండి. పులిహోర చేయండి. చింతపండు అక్కడ ఏ సంతలోనైనా దొరుకుతుంది, దాంతో షర్బత్ చేసుకుంటారు, మిఠాయిలు చేసుకుంటారు, కాబట్టి ఆ పులుపు అమ్మమ్మకి కొత్తేం కాదు. వేరుశనగలూ ఎండుమిర్చీ అంతటా ఉంటాయి. కరివేపాకు లేకపోయినా సర్దుకోవచ్చు గానీ, ఇంగువ డబ్బా మాత్రం మీ పెట్టెలో పెట్టుకెళ్ళండి.