నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల బడికి సలహాదారులుగా వచ్చే నిపుణులతో ఏం పని చేయించుకోవాలి?

మీరడిగింది ఇదీ: చదవడం, రాయడం, లెక్కలు కష్టమయ్యే పిల్లల కోసం చిన్న బడి నడుపుతున్నారు. ఒక సైకాలజిస్టు, ఒక పిల్లల డాక్టరు, ఇంకో నలుగురైదుగురు సలహాదారులుగా ఉండడానికి ఒప్పుకున్నారు. వాళ్లతో ఏం చేయించుకోవాలి, ముందు ఎవరు కావాలి, డబ్బులివ్వాలా అని.

నేను ఇలాంటి బడిలోనే పదకొండేళ్లు పనిచేశాను. మొదట్లో ఇలాంటి పిల్లలకి పాఠం చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. తర్వాత సలహాదారులకీ టీచర్లకీ మధ్య తిరిగే మనిషిని. ఆ రెండో ఉద్యోగానికి పేరంటూ లేదు. మీ బడిలో ఆ పని ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోండి. అది అందరి పనీ అనుకుంటే చివరికి ఎవరూ చెయ్యరు.

మా పొరపాటుతో మొదలుపెడతాను. కొత్తలో మాకు తొమ్మిది మంది సలహాదారులుండేవారు. బ్రోచర్ వెనక పేజీలో డిగ్రీలతో సహా అందరి పేర్లూ వేసుకున్నాం. ఏడాదికి రెండు మీటింగులు. పాపం మంచివాళ్లే, ఎంత పనున్నా వచ్చేవాళ్లు. ప్రిన్సిపాల్ గారు స్లైడ్లు వేసేవారు: ఇంతమంది కొత్తగా చేరారు, ఇన్ని గదులు పెరిగాయి. వాళ్లు బాగుందండీ అనేవాళ్లు. సమస్యని చిన్న వయసులోనే పట్టుకోవాలి అని ఎవరో ఒకరు ప్రతిసారీ చెప్పేవారు. అది మాకు తెలియకనా! మూడో ఏడాది మీటింగు అయ్యాక కుర్చీలు సర్దుతూ మా లెక్కల టీచరు అడిగింది: "అక్కా, వీళ్లలో ఒక్కరైనా మన పిల్లల్లో ఒక్కణ్ణైనా చూశారా?"

చూడలేదు. మేమూ ఎప్పుడూ చూడమనలేదు.

ఆ తర్వాతి టర్మ్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టు గారిని (కూర్చోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు ఒంటికి పట్టుబడేలా చేసే నిపుణురాలు) ఓ గంట తరగతిలో ఉండమని అడిగాం. వెనక బెంచీ దగ్గర ఆవిడ కోసం కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు. గొంతుక్కూచుని బల్లల కిందికి చూడ్డం మొదలుపెట్టింది. పిల్లలకి నవ్వాగలేదు. మా ఎనిమిదేళ్ల పిల్లాడొకడు అర లైను రాసి లేచిపోయేవాడు, మేం దాన్ని ధ్యాస లేకపోవడం అనుకునేవాళ్లం. వాడి పాదాలు నేలకి జానెడు పైన వేలాడుతున్నాయి. ఒక కాలు మడిచి కింద పెట్టుకుంటాడు, అది తిమ్మిరెక్కగానే లేస్తాడు. "కాళ్లు ఆనకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే చెయ్యి కాగితం మీద నిలవదు" అంది. వడ్రంగితో ఒక పీట చేయించి కాళ్ల కింద పెట్టాం. ఆ వారంలోనే వాడు పేజీ చివరిదాకా కూర్చుని రాశాడు. స్పెల్లింగు తప్పులు మాత్రం ఎన్ని ఉండేవో అన్నీ అలాగే ఉన్నాయి. ఆ మాట ఆవిడే ముందు చెప్పింది: "నేను కూర్చోబెట్టగలను, అక్షరాలు మాత్రం మీ పని." తన పని ఎక్కడ ఆగిపోతుందో చెప్పగలిగినవాళ్లని వదులుకోకండి.

అప్పటినుంచీ స్లైడ్ల మీటింగు మానేశాం. నెలకొకసారి నలభై నిమిషాలు, ఒకే పిల్ల లేదా పిల్లాడు, ఒకే ప్రశ్న. టీచరు నోట్‌బుక్ తెస్తుంది, ఆ పిల్లాడు చదువుతుండగా రికార్డు చేసిన రెండు నిమిషాల ఆడియో వినిపిస్తుంది. ముందు ఐదు నిమిషాలు టీచరే మాట్లాడాలి. ఈ నియమం గట్టిగా పట్టుకోండి, లేకపోతే పెద్దవాళ్ల మధ్య టీచరు నోరు విప్పదు. చివర్లో రెండు వాక్యాలు కాగితం మీద పడాలి: సోమవారం నుంచి ఎవరు ఏం చేస్తారు, ఆరు వారాల తర్వాత దేన్ని చూసి పనిచేసిందంటాం.

అసలు కష్టం ప్రశ్న అడగడంలోనే ఉంది. "వీడికేమైందండీ?" అని అడిగితే వచ్చే జవాబు ఉపన్యాసమే. మా తెలుగు టీచరు ఒకసారి ఇలా అడిగింది: "రెండక్షరాల మాటలు చదువుతున్నాడు. మూడు దాటితే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తున్నాడు. ఊహించడం మాన్పించాలా, మాటని ముక్కలు చేసి చదవడం నేర్పాలా?" స్పీచ్ థెరపిస్టు గారు (మాట, భాషల ఇబ్బందులు చూసే నిపుణులు) లేచి బోర్డు మీద ఒక లెక్క రాశారు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించిన సూత్రం అది. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలని మాటగా మార్చుకునే శక్తిని భాష అర్థమయ్యే శక్తితో గుణించడం. కూడికైతే ఒకటి తగ్గినా రెండోది కొంత సర్దుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. పిల్లాడికి కథ చదివి వినిపిస్తే అన్నీ అర్థమవుతున్నాయి కాబట్టి లోటు మొదటిదాంట్లో ఉంది, ముక్కలు చేయడమే నేర్పండి అన్నారు. ఇంకో పిల్ల గడగడా చదువుతుంది, ఏం చదివావమ్మా అంటే దిక్కులు చూస్తుంది. ఆ పిల్లకి కావలసింది వేరు. అన్నాళ్లూ ఆ ఇద్దర్నీ ఒకే రీడింగ్ గ్రూపులో కూర్చోబెట్టామని అప్పుడు గానీ మాకు తట్టలేదు.

ఇక సైకాలజిస్టుల రిపోర్టులు. పద్నాలుగు పేజీలుంటాయి. టీచర్లు చివరి పేజీ చదువుతారు, తల్లిదండ్రులు అంకెలు చదువుతారు. ఓ తండ్రి రిపోర్టు పట్టుకుని సంతోషంగా వచ్చాడు: "మేడం, మావాడికి 85 వచ్చిందండీ!" ఆయన దాన్ని నూటికి 85 అనుకున్నాడు. వెక్స్‌లర్ లాంటి తెలివితేటల పరీక్షల్లో సగటు 100 ఉంటుంది. 85 అంటే ఆ వయసు పిల్లలు వందమందిలో దాదాపు 16 మంది మాత్రమే అంతకన్నా కింద ఉంటారని. ఆయన మొహం చూస్తూ అది చెప్పాల్సి రావడం నా ఉద్యోగంలో నాకు నచ్చని రోజుల్లో ఒకటి. ఆ అంకె వెనకున్న సంగతి రిపోర్టు ఇచ్చినవాళ్లే ముందు కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. తర్వాత మా సైకాలజిస్టుతో ఒక ఒప్పందానికొచ్చాం: రిపోర్టు ఎంత పొడుగైనా రాసుకోండి, టీచరు కోసం విడిగా ఒకే పేజీ కావాలి. "వర్కింగ్ మెమరీ తక్కువ" అని కాదు. "పుస్తకం తియ్యి, 12వ పేజీ తిప్పు, మూడో లెక్క చెయ్యి అని ఒక్క గుక్కలో చెప్తే వీడికి పుస్తకం దాకే గుర్తుంటుంది, ఒక్కోటే చెప్పండి, బోర్డు మూల రాసి ఉంచండి" అని. మొదటి పేజీ రాయడానికి ఆయనకి రెండు వారాలు పట్టింది.

పరీక్షల గురించే ఇంకో మాట. చాలా కొలతలు ఇంగ్లీషు చదివే పిల్లల మీద తయారైనవి. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలే, చిక్కంతా అవి పలికే తీరులో. మనలాంటి లిపిలో గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. కన్నడం చదివే పిల్లల మీద పరిశోధకురాలు సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం చదవమని మా స్పీచ్ థెరపిస్టు గారే ఇచ్చారు. అక్షరాలన్నీ పట్టుబడడం అక్కడ మొదటి ఏడాదితో అయిపోయే పని కాదు, పై తరగతుల్లోకీ సాగుతుంది. కాబట్టి రెండో తరగతి పిల్ల సంయుక్తాక్షరాల దగ్గర తడబడితే ఆ ఒక్కటీ చూసి డిస్లెక్సియా (మాటలు చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) అనెయ్యడానికి లేదు. సలహాదారుణ్ణి ఎంచుకునేటప్పుడు, అలాంటి పిల్లని చూస్తే ఏమంటారని అడిగి చూడండి. పిల్లలు ఏ లిపిలో చదువుతున్నారని వాళ్లంతట వాళ్లే మిమ్మల్ని అడిగారంటే ఇంకా మంచిది.

పిల్లల డాక్టరు ప్రతి మీటింగుకీ రానక్కర్లేదు, ఫోనుకి దొరికితే చాలు. చెవి, కన్ను పరీక్షలు కాకుండా ఏ పిల్లనీ ముందుకి తీసుకెళ్లకూడదని మాకు అలవాటు చేసింది ఆయనే. మా దగ్గర ఒక పాప కొన్ని రోజులు చక్కగా వినేది, కొన్ని రోజులు పిలిచినా పలికేది కాదు. మొండితనం అని రిజిస్టర్లో రాసుకున్నాం కూడా. మధ్య చెవిలో నీరు చేరి వినికిడి పెరుగుతూ తగ్గుతూ ఉందని చెవి డాక్టరు తేల్చారు. ఆ రిజిస్టరు పేజీ చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మందుల విషయంలో మాత్రం బడి నోరు మూసుకోవాలి. ఏడీహెచ్‌డీకి (ధ్యాస, కుదురు నిలవని సమస్య) మందు మొదలుపెట్టాలా వద్దా అని మా ఇద్దరు సలహాదారులు ఒకసారి తల్లి ఎదుటే వాదించుకున్నారు. ఆవిడ ఏడుస్తూ వెళ్లిపోయింది. అది తల్లిదండ్రులూ వైద్యం చేసే డాక్టరూ తేల్చుకోవాల్సిన సంగతి. మనం తరగతిలో ఏం చూశామో, ఏ పూట చూశామో రాసివ్వాలి, అంతే. సలహాదారుల మధ్య అభిప్రాయభేదాలు తల్లిదండ్రులు రాకముందే గదిలో తేలాలి.

ఇప్పుడు చేదు ముచ్చట. మా సలహాదారుల్లో ఒకరు (పేరు అనవసరం) రంగు కళ్లద్దాలు పెట్టుకుంటే చదువు వస్తుందని తల్లిదండ్రులకి చెప్పడం మొదలుపెట్టారు. ఆ అద్దాలు అమ్మేది ఆయనకి తెలిసినవాళ్లే. మాకు తెలిసేసరికి ఆరుగురు కొన్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం), కంటి డాక్టర్ల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటన ఇచ్చింది: రంగు అద్దాలు గానీ కంటి వ్యాయామాలు గానీ డిస్లెక్సియాకి పనిచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని. అది మేం చదివి ఉంటే ఆ ఆరు కుటుంబాల డబ్బు మిగిలేది. డబ్బు సంగతి సరే, అద్దాలు పెట్టుకున్నా రావట్లేదంటే నేనే మొద్దునేమో అని ఒక పిల్లాడు అన్నమాట నన్ను ఇంకా వదల్లేదు. ఇంకొకరు "చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు" అంటూ వర్క్‌షాపు పెట్టి గోడల నిండా చార్టులు అంటించి వెళ్లారు. పిల్లల్ని అలా విడదీసి వేర్వేరుగా నేర్పితే లాభముందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని మనస్తత్వ పరిశోధకుడు పాష్లర్ బృందం 2008లో సమీక్షించి రాసింది. చార్టులు పీకడానికి మూడు నెలలు పట్టింది, చూడ్డానికి మరీ అందంగా ఉన్నాయి!

ఆ అనుభవంతో ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. మా తల్లిదండ్రులకి ఏదీ అమ్మకూడదు. మా పిల్లల్ని తమ క్లినిక్‌కి పంపించుకోవాలంటే ఇంకో రెండు చోట్ల పేర్లు కూడా ఇవ్వాలి. కొత్త పద్ధతి ఏదైనా తెస్తే ఆధారం కూడా తేవాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టనిదే ఏ పిల్లాడి రిపోర్టూ చూడకూడదు, బయట పేరెత్తకూడదు. రెండేళ్లకొకసారి కొత్తగా రాసుకోవాలి. ఈ కాగితం మీద సంతకం పెట్టమంటే ఇద్దరు నొచ్చుకుని మానేశారు. మంచిదే అయింది.

లాయరు, ఆడిటరు ఉండాలి, వాళ్లతో పని తక్కువే. వీలైతే ఒక ఆర్కిటెక్టుని అడిగి చూడండి, ఈ సలహా ఎవరూ ఇవ్వరు. మా గదిలో చప్పట్లు కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తోందో విని, గోడలకి మెత్తటి బోర్డులు కొట్టించమన్నాడు ఒక కుర్ర ఆర్కిటెక్టు. మాటల్లో శబ్దాలు విడదీసి వినడమే కష్టమైన పిల్లలకి మోత గది ఎంత నరకమో మేం ఊహించనేలేదు. మామూలు తరగతి గదిలో మోత 0.6 సెకన్లు దాటకూడదని అమెరికాలో 2002 నుంచి ప్రమాణమే ఉందట.

ముందు ఎవరంటారా, నన్నడిగితే స్పీచ్ థెరపిస్టు. చదవడంలో కష్టపడే పిల్లల్లో ఎక్కువమందికి చిక్కు మాటలోని శబ్దాలని పట్టుకోవడంలోనే ఉంటుంది, దాని మీద పనిచేసేది వాళ్లే. చాలా బడులు సైకాలజిస్టుతో మొదలుపెడతాయి, పరీక్షలు పెట్టి రిపోర్టులిచ్చేది ఆయనే కాబట్టి. ఆయన రెండోవారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు టర్మ్‌కి రెండుసార్లు వస్తే చాలు.

డబ్బులు ఇవ్వండి. కొంచెమైనా సరే, తరగతిలో గడిపిన గంటలకి ఇవ్వండి. ఉచితంగా వచ్చేవాళ్లని "మీరు రాలేదేమండీ" అని అడగలేం, ఆ మొహమాటంతో మేం నాలుగేళ్లు పోగొట్టుకున్నాం. పేరు మాత్రమే ఇస్తానంటే దండం పెట్టి, బ్రోచర్లో శ్రేయోభిలాషులు అని వేరే వరస వేసి అక్కడ పెట్టుకోండి.

మొదటి మీటింగుకి ఎవరి గురించి అడగాలో తెలియకపోతే, స్టాఫ్ రూములో టీచర్లు ఎక్కువసార్లు ఎవరి పేరు తలుచుకుంటున్నారో ఒక వారం వినండి. ఆ పిల్లాడి నోట్‌బుక్ తీసుకెళ్లండి. కొట్టేసి మళ్లీ రాసిన పేజీలతో సహా.